పోస్టుకార్డుల యుద్ధం

నేను ఒక సైక్లోస్టైల్ యంత్రాన్ని. అంటే ఏమిటని అడిగేవాళ్లే ఇప్పుడు ఎక్కువ కాబట్టి ముందే చెప్పేస్తాను. మైనం పూసిన పల్చటి కాగితం మీద టైపు కొడితే అక్షరం పడ్డచోటల్లా మైనం తెగుతుంది. ఆ కాగితాన్ని స్టెన్సిల్ అంటారు. దాన్ని నా డ్రమ్ముకు చుట్టి, లోపల సిరా పోసి, పిడి తిప్పితే తెగిన చోటి నుంచి సిరా దిగి కిందనున్న కాగితం మీద అక్షరమవుతుంది. తిప్పుకో ప్రతి. కరెంటు అక్కర్లేదు, గట్టి భుజం ఉంటే చాలు. జిరాక్సులు రాకముందు ఒక కాగితం వంద కాగితాలు కావాలంటే ఎంతటి ఆఫీసరైనా నా కాళ్లు పట్టుకోవాల్సిందే.

పుట్టింది కలకత్తా దగ్గర ఒక కర్మాగారంలో. ఒకతను డ్రమ్ము బిగించాడు, ఒకతను పిడి బిగించాడు, మూడో అతను పదిసార్లు తిప్పి చూసి ఫరవాలేదన్నట్టు తలూపాడు. అంతే నా బాల్యం. గడ్డి నింపిన పెట్టెలో గూడ్సుబండెక్కి జగిత్యాల తాలూకా ఆఫీసుకు వచ్చాను. అక్కడ పద్దెనిమిదేళ్లు సర్కులర్లు అచ్చువేశాను. ఒక సర్కులరు, దాన్ని సవరిస్తూ రెండోది, రెండోదాన్ని రద్దు చేస్తూ మూడోది. చదివినవాళ్లెవరో నాకు తెలియదు. అటెండరు మల్లయ్య మాత్రం ప్రతి కట్టలోంచీ నాలుగు కాగితాలు తీసి, మిరపకాయ బజ్జీల నూనె అద్దడానికి ఇంటికి పట్టుకెళ్లేవాడు. నా రాతల్ని అంత శ్రద్ధగా వాడుకున్నది ఆయనొక్కడే.

తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు పాత బీరువాలతో పాటు నన్నూ వేలం వేశారు. పాడుకున్నది అంకం రాజేశం. క్లాక్ టవర్ దగ్గర మేడమీద టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. ఆరు మిషన్లు, ఆరు కుర్చీలు, గోడకో గడియారం. వెనక గదిలో ఆయన కాపురం. కాపురమంటే ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక రాజేశం. వయసు నలభై దగ్గర. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "జరగలె" అనేవాడు, బస్సు ఎందుకు రాలేదో చెప్పినట్టు. నన్ను కొన్నది పరీక్షలకు మోడల్ పేపర్లు వేసుకోవడానికి. రోజంతా "చూపు కాగితం మీద, కీల మీద గాదు" అని ఒకే ముక్క వందసార్లు చెప్పేవాడు. చివరి బ్యాచ్ మెట్లు దిగిపోయాక ఆ గదిలో మాట్లాడేది గడియారం ఒక్కటే.

ఒకనాటి మధ్యాహ్నం ఆయన మోడల్ పేపరు కాని స్టెన్సిల్ ఒకటి నా డ్రమ్ముకు చుట్టాడు. తిప్పితే ఒక పటం పడింది. ఇనుప కలంతో గీసిన కొండలు, ఏరు, తొమ్మిది కోటలు. కింద సైన్యాల జాబితా. పాముల మీద స్వారీ చేసే ఆడవాళ్లు, బండలు మోసే రాకాసులు, పొగగా మారే భటులు, మనిషి మాట తెలిసిన తోడేళ్లు. పద్దెనిమిదేళ్లు వర్షపాతం వివరాలు అచ్చువేసినదాన్ని, నాకు మతిపోయింది. అబద్ధమెందుకు, సంతోషమూ వేసింది. చదివితే బాగుండుననిపించే కాగితం నాలోంచి రావడం అదే మొదలు.

ఆట పేరు తొమ్మిది కోటలు. వారపత్రికలో కలంస్నేహం శీర్షిక కింద "యుద్ధం చేయగోరువారు చిరునామా రాయండి" అని రాజేశం ఒక ముక్క వేయిస్తే ఇరవై ఇద్దరు రాశారు. నియమాల కాగితం అందాక తొమ్మిదిమంది మిగిలారు. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు, ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు, ఒక్కో కోట. పక్షానికోసారి, అంటే పదిహేను రోజులకోసారి, ఎవరి సైన్యం ఎవరి మీదికి పోతుందో రాజేశం ప్రకటించేవాడు. అప్పుడు ఇద్దరూ తమ ఎత్తుగడ ఒక్కమాటలో కార్డు మీద రాసి పోస్టు చెయ్యాలి. రాసేందుకు నాలుగే మాటలు. ఎదురు, అంటే మొత్తం సైన్యంతో మీద పడటం. మాటు, అంటే అడవిలో పొంచి ఉండటం. గోడ, అంటే తలుపులు మూసుకుని కోటలో కూర్చోవడం. వెనక్కి, అంటే కోట వదిలేసి సైన్యాన్ని కాపాడుకోవడం. మీద పడ్డవాణ్ణి మాటు కొడుతుంది. మాటు వేసినవాడు మూసిన గోడ ముందు కాచుకుని కాచుకుని ఆకలితో పోతాడు. గోడను మీద పడ్డవాడు బద్దలుకొడతాడు. వెనక్కి తగ్గినవాడి కోట అవతలివాడిది, కానీ సైన్యం ఉంటుంది గనక వచ్చే పక్షం మళ్లీ రావచ్చు. ఇద్దరూ వెనక్కి తగ్గితే మాత్రం ఆ కోట ఎవరిదీ కాదు, పటం మీంచి కొట్టేస్తారు. ఆ నియమం రాజేశం తర్వాత చేర్చాడు. భయస్తులైన ఇద్దరు బ్యాంకు గుమస్తాలు వరసగా నాలుగు యుద్ధాలు చెరోవైపు పారిపోయి ఆయన ఓపిక తీసేశారు.

కార్డులన్నీ వచ్చాక రాజేశం ఫలితాలు టైపు చేసేవాడు. ఒట్టి ఫలితం కాదు. వాన ఎలా కురిసిందో, రాకాసుల కాళ్లు బురదలో ఎలా దిగబడ్డాయో వర్ణించి, చివర ఆటగాళ్లు ఒకరికొకరు రాసుకున్న రాయబారం మాటలు రెండేసి వరుసలు వేసేవాడు. నేను తొమ్మిది తిప్పులు తిరిగేదాన్ని. ఆయనకో ప్రతి కావాలి గనక పదోది.

మనుషులు ఎత్తుగడ ఎంచుకునే తీరు చూస్తే నవ్వొస్తుంది. పెద్దపల్లి లెక్చరరు ఒకాయన మూడు పేజీల తర్కం రాసి, చివరికి ఎప్పుడూ ఎదురే రాసేవాడు. ధర్మపురి ఆసామి ఒకాయన పంచాంగం చూసి రాసేవాడు. మంచిర్యాలలో కంటి డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉన్న ఓదెలుకు రాకాసులుండేవాళ్లు. ఆయన తర్కాల జోలికి పోడు, "సరే, చూస్కుందాం" అని రాయబారం రాసి, ఏది తోస్తే అది వేసేవాడు. నిజంగా ఆలోచించేది ఖానాపూర్ దగ్గర ఒక ఊరి బడిలో పనిచేసే కళావతి టీచరు. పాముల సైన్యం ఆమెది. అవతలివాడు పోయిన నాలుగు యుద్ధాల్లో ఏం చేశాడో, ఏది చేసి నష్టపోయాడో, నష్టపోయినవాడు ఈసారి దేనికి జంకుతాడో లెక్కగట్టి ఎత్తు వేసేది. కార్డులో మిగిలిన చోటంతా సన్నటి అక్షరాలతో నింపేది. బడి కప్పు కారుతోందని, ఇప్పపూలు రాలుతున్నాయని, పాములకు ఈ చలికి జ్వరమొచ్చిందని.

రాజేశం అక్క భూలక్ష్మి పక్క వీధిలో ఉండేది. కూరగిన్నె పట్టుకుని వచ్చి, పటం చూసి తల కొట్టుకునేది.

"ఏం ఆటరా తమ్మీ ఇది? లేని కోటలు, లేని రాజులు. పిలిస్తే పలికే మనిషి ఒక్కలన్న ఉండద్దా ఇంట్ల?"

"వీళ్లు పలుకుతున్నరు గదక్కా. పదిహేను దినాలకోసారి కార్డు రాస్తున్నరు."

"కార్డు బువ్వ పెడ్తదా?"

"బువ్వ నువ్వు తెస్తున్నవ్ గద," అనేవాడు. ఆమె నవ్వుకుంటూ, తిట్టుకుంటూ మెట్లు దిగేది.

నాలుగేళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత పటం పల్చబడటం మొదలుపెట్టింది. ఒకరింటికి కేబుల్ టీవీ వచ్చింది. ఒకరికి పెళ్లయింది. లెక్చరరుకు ప్రమోషన్ వచ్చి తర్కం మానేశాడు. కొందరు ఏ కారణమూ లేకుండానే రాయడం మానేశారు, అలాంటివాళ్ల కోసం రాజేశం రెండు పక్షాలు ఆగి చూసేవాడు. మానుకున్నవాళ్ల కోట మీద ఇనుప కలంతో అడ్డగీత గీసేవాడు. పది తిప్పులు ఎనిమిదయ్యాయి, అయిదయ్యాయి, మూడయ్యాయి. చివరికి ఒక్క కోట, దాని కోసం ఇద్దరు. ఓదెలు రాకాసులు, కళావతి పాములు. ఆ కోట కూడా పోతే ఆట లేదు.

అప్పుడు ఓదెలు కార్డు వచ్చింది. "రాజేశమన్నా, డాక్టరు రెండో దవాఖాన పెట్టిండు. నాకు తీరుతలేదు. నేను ఆట మానుకుంటున్న. ఏమనుకోకు." రాజేశం దాన్ని నాలుగుసార్లు చదివాడు. తర్వాత నా ట్రే కింద దోపాడు. ఆ పక్కనే కళావతి కార్డు ఉంది. మాటు, అని రాసుంది. కింద, "ఓదెలు గారి రాకాసులు ఈసారి తప్పక మీద పడతారని నా అంచనా. తప్పయితే నవ్వకండి."

ఆయన కళావతి కార్డు మరోసారి తీసి చదివాడు. లేచి స్టెన్సిల్ ఎక్కించి, ఓదెలు ఎత్తుగడ, ఎదురు, అని టైపు చేశాడు. పాములు గెలిచాయి. కోట కళావతిది.

అలా ఏడాదిన్నర. ముందు ఆమె కార్డు చూసేవాడు, ఆ తర్వాత ఓదెలు ఎత్తుగడ తానే రాసేవాడు. రెండుసార్లు ఆమెను గెలిపించి ఒకసారి ఓడించేవాడు. ఎవరి సైన్యమూ పూర్తిగా చావకుండా, కోట అటూ ఇటూ చేతులు మారుతూ ఉండేట్టు చూసేవాడు. ఓదెలు రాయబారమూ తానే రాసేవాడు. ఎన్నడూ రెండు ముక్కలు దాటని ఓదెలు ఇప్పుడు "మీ బడి కప్పు బాగయిందా?" అని అడగసాగాడు. ఆమె సంబరంగా జవాబిచ్చేది. నేను మూడు తిప్పులు తిరిగేదాన్ని. ఒకటి ఆమెకు, ఒకటి ఫైలుకు, ఒకటి ఎవరికీ పంపని ఓదెలు ప్రతి. అది బీరువా మీద పేరుకునేది.

తప్పని నాకు తెలుసు. తిప్పితే తిరగడమే నా పని, అడ్డం చెప్పే నోరు నాకు లేదు. అయినా ఒక మాట చెప్పాలి. ఒకటో తారీకు, పదిహేనో తారీకు దగ్గరపడితే ఆయన పోస్ట్‌మ్యాన్ కోసం మెట్ల మీదికి నాలుగుసార్లు వెళ్లొచ్చేవాడు. అక్కను పక్కన పెడితే, ఆ సన్నటి అక్షరాల కార్డు తప్ప ఆయన్ను ఎలా ఉన్నావని అడిగేది ఈ లోకంలో వేరే ఏదీ లేదు. అందులోనూ అడిగేది ఓదెలును. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఏడుపొచ్చేది.

ఏప్రిల్ నెల, ఆదివారం, పదకొండు గంటలు. క్లాసుల్లేవు. రాజేశం నా రోలర్లకు నూనె వేస్తున్నాడు. గుమ్మంలో ఒకావిడ నిలబడింది. నలభై అయిదేళ్లుంటాయి, నేత చీర, భుజాన సంచి, ఎండకు కందిన ముఖం.

"రాజేశం సారు మీరేనా?"

"అవునమ్మా. టైపుకు చేర్పియ్యనీకి వచ్చిన్రా?"

"కాదు. పాముల రాణిని. ఖానాపూర్ కళావతిని."

ఆయన గభాలున లేచాడు. ఆరు కుర్చీలున్న గదిలో కుర్చీ కోసం అటూ ఇటూ వెతికాడు. ఆమె తానే ఒకటి లాక్కుని నా పక్కన కూర్చుంది.

"పోయిన వారం మా అమ్మను కండ్లు చూపెట్టనీకి మంచిర్యాల తీస్కపోయిన. ఆడ కాంపౌండరును ఓదెలు అని పిలిచిన్రు. నాకెంత సంబురమైందో! పోయిన పక్షం మాటు జబర్దస్తుగ ఏసిన్రు సారూ అన్న. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు. 'నేను మానుకుని ఏడాదిన్నర అయితందమ్మా' అన్నడు."

రాజేశం చేతిలో నూనె డబ్బా అలాగే ఉంది.

"నేనే రాసిన," అన్నాడు.

"నా కార్డు చూడకముందా, చూసినంకనా?"

"చూసినంక."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఓడగొడితే ఓడగొట్టచ్చు. గెలిపిచ్చుడేంది సారూ? పదిహేను దినాలు ఆలోచన చేసి ఒక్క మాట రాసేదాన్ని. బడి విడిచినంక పోరగాండ్లకు చెప్పేదాన్ని, మన పాములు గెలిచినయిరా అని. చప్పట్లు కొట్టేటోళ్లు. గవన్నీ మీరు పెట్టిన భిక్షనా?"

"భిక్ష గాదు టీచరమ్మా." ఆయన నూనె డబ్బా కింద పెట్టాడు. "మీ కార్డు రావాలె, గంతే. గెలిచినా రాయరు, ఓడినా రాయరు. నడుమల ఉంటెనే రాస్తరు."

ఆమె బీరువా మీద పేరుకున్న ఓదెలు ప్రతుల కేసి చూసింది. కోపం పోలేదు గానీ గొంతు తగ్గింది.

"కార్డు రాయుండ్రి అని అడిగితే రాయకపోదునా?"

ఇన్నేళ్లలో నేను చూసిన కాగితాలన్నిట్లో అడగడమనే ఎత్తుగడ ఎక్కడా లేదు.

ఆమె సంచిలోంచి రెండు పోస్టుకార్డులు తీసింది. "ఒక్కసారి సక్కగ ఆడుదాం. ఓదెలు పేరు మీద గాదు, మీ పేరు మీద. ఒకరిది ఒకరు చూడద్దు. ఆట ఉంచుడో తీసుడో ఇదే చెప్పాలె. నాకు ఒంటిగంటకు బస్సున్నది."

ఆమె అటు తిరిగి అర నిమిషంలో రాసేసింది. రాజేశం కార్డును నా మూత మీద పెట్టుకుని వంగాడు, అందుకే నాకు కనిపించింది. ఎనిమిదేళ్లు ఆట నడిపినవాడు, అవతలివాళ్ల మనసులో మాట ముందే చదివినవాడు, అవతల ఏముందో తెలియకుండా ఎత్తు వెయ్యడం అదే మొదటిసారి. గోడ, అని రాసి చెరిపాడు. ఎదురు, అని రాసి చెరిపాడు. పన్నెండున్నర అయింది. చెమట కార్డు మీద పడింది. చివరికి, వెనక్కి, అని రాశాడు. ఎందుకో నాకు అర్థమైంది. కోట ఆమెకిచ్చేస్తే తన సైన్యం మిగులుతుంది, మళ్లీ పక్షానికి యుద్ధముంటుంది, మళ్లీ కార్డు వస్తుంది. ఈసారి దొంగతనంగా కాదు.

రెండు కార్డులూ నా మూత మీద తిరగేశారు.

వెనక్కి. వెనక్కి.

ఆమె ఫక్కున నవ్వింది. "అయ్యో! మీరు గూడ గిదేనా? కోట మీకిస్తే మల్ల రాస్తరు గదా అని నేను రాస్తి."

నాకు సిరా పొంగినంత పనైంది. చూశారా, ఇద్దరికీ కావాల్సింది ఒకటే. ఇక ఆయన కూడా నవ్వడమే తరువాయి అనుకున్నాను. ఆయన నవ్వలేదు. వెళ్లి ఫైలు తెరిచి, నియమాల కాగితం తీసి, వేలు పెట్టి చూపించాడు.

"ఇద్దరు వెనక్కి పోతే కోట ఎవలది గాదు టీచరమ్మా. ఆఖరి కోట ఇదే."

"నియమం రాసింది మీరే గదా. ఒక్క గీత కొట్టి మార్చుండ్రి."

"మార్చ. ఏడాదిన్నర మార్చిన. ఇయ్యాల మీ ముందట మార్చ."

ఓరి నాయనా! అడగనన్నాళ్లు అబద్ధమాడి, ఆమె చెయ్యి చాపి అడిగిన రోజున ఈయనకు నిజాయితీ గుర్తొచ్చింది. నా పిడి నేనే తిప్పుకోగలిగితే ఆ గదంతా సిరా చిమ్మేదాన్ని. కళావతి ఆయన ముఖంలోకి చూస్తూ ఇంకాసేపు నిలబడింది. ఒక్కమాట అంటే కూర్చునేది. ఆయన కాగితం మీంచి కళ్లెత్తలేదు.

"సరే సారూ. మీ ఇష్టం," అంది. సంచి భుజానేసుకుని మెట్లు దిగింది. ఒంటిగంట బస్సు హారను మాకిద్దరికీ వినిపించింది.

ఆ సాయంత్రమే ఆయన చివరి స్టెన్సిల్ కోశాడు. ఆయన బల్ల నా వెనకవైపు కనుక ఏం రాస్తున్నాడో కనిపించలేదు. టైపు చప్పుడు కొద్దిసేపు వచ్చింది. ఆ తర్వాత ఇనుప కలం గీరిన చప్పుడు. ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దం, చివర్న కరెక్షన్ ఫ్లూయిడ్ వాసన. తప్పులు దిద్దడానికి స్టెన్సిల్ మీద పూసే మందు అది, అక్షరం కన్నాల్ని మూసేస్తుంది. నా డ్రమ్ముకు చుట్టి రెండే తిప్పులు తిప్పాడు. "తొమ్మిదో కోట: ఎవరిదీ కాదు. యుద్ధం ముగిసినది." అంతే పడింది. కింద ఒకచోట సిరా వెళ్లి ఆగిపోయింది, రెండు వరుసల మేర. టైపులో తప్పు దొర్లిందేమో అనుకున్నాను.

ఒక ప్రతి ఖానాపూర్‌కు పోస్టు చేశాడు. కార్డు రాలేదు. ముగిసినదని రాసి పంపినవాడికి ఎవరు మాత్రం ఏమని రాస్తారు? ప్రతిసారీ పని కాగానే స్టెన్సిల్ ఊడదీసి, కిరోసిన్ గుడ్డతో నన్ను తుడిచే మనిషి ఆ రోజు తుడవలేదు. గుడ్డ కప్పేశాడు. ఆ తర్వాత మోడల్ పేపర్లు కూడా ఎదురింటి జిరాక్సులోనే తీయించాడు.

గుడ్డ కింద ఎన్నేళ్లున్నానో లెక్క తెలియదు. టైపు చప్పుళ్లు తగ్గిపోయి, ఒకరోజు పూర్తిగా ఆగిపోయాయి. కంప్యూటర్లు వచ్చాయని అంటుంటే విన్నాను. రాజేశం అక్కగారింట్లో ఉండటానికి వెళ్లిపోయాడు. మేడ కూలగొట్టే ముందు నన్ను పాత సామాన్ల యాదగిరి రిక్షాలోకి ఎక్కించారు. ఇప్పుడు విరిగిన కూలర్లకూ ఫ్యాను రెక్కలకూ మధ్య ఉన్నాను.

ఇవాళ పొద్దున యాదగిరి నన్ను విప్పడానికి కూర్చున్నాడు. ఎండిన సిరాతో డ్రమ్ముకు అతుక్కుపోయిన స్టెన్సిల్‌ను జాగ్రత్తగా ఒలిచాడు. ఇన్నేళ్లకు ఎండి బెరడు కట్టిన కరెక్షన్ ఫ్లూయిడ్ పొట్టుపొట్టుగా రాలింది. యాదగిరి దాన్ని ఎండకెత్తి పట్టుకున్నాడు. అక్షరాల కన్నాల్లోంచి వెలుగు వచ్చింది. టైపు చేసిన దాని కింద ఇనుప కలంతో చేత్తో రాసిన రెండు వరుసలున్నాయి. అతను కూడబలుక్కుంటూ చదివాడు.

"టీచరమ్మా, నియమం మార్చిన. కోట పటం మీదనే ఉన్నది. పదిహేనో తారీకుకు కార్డు రాయుండ్రి."

భార్య కొమురమ్మ వైపు తిరిగి "ఎవలే ఈ టీచరమ్మ?" అని అడిగాడు.

"ఎవలైతే మనకేంది? ముందుగాల ఆ డ్రమ్ము ఊడబెరుకు," అంది ఆమె.

యాదగిరి స్టెన్సిల్‌ను ఉండచుట్టి, చేతులకంటిన సిరా తుడుచుకుని అవతల పారేశాడు. రాజేశం ఉండే ఇల్లు ఇక్కడికి రెండు వీధులే. సర్కులర్లు, మోడల్ పేపర్లు, రాకాసుల యుద్ధాలు, ఏది చుట్టినా అచ్చువేశాను. ఆ రెండు వరుసలు మాత్రం వెయ్యలేదు.